గుండు చేయించుకున్న తూనీగలు

మా స్టూడియోకి వచ్చేవాళ్లలో చాలామందికి తల మీద వెంట్రుకలు ఉండవు. తిరుపతిలో ఫోటోల షాపు నడిపేవాడికి ఇది మామూలే. కల్యాణకట్టలో మొక్కు తీర్చుకుని, దర్శనం చేసుకుని, కొండ దిగి, రైలెక్కే లోపల ఏదో పని గుర్తొచ్చి, నెత్తిన గంధం మరకలతోనే "అన్నా, అర్జెంటుగా ఎనిమిది పాస్‌పోర్ట్ సైజు" అంటూ వస్తారు. చేతిలో ఉన్న కార్డులో చూస్తే ఒత్తయిన క్రాఫు, మీసం. ఎదురుగా చూస్తే నున్నటి గుండు. ఒకసారి ఒకాయన ఇద్దరు కొడుకులకీ ఫోటోలు తీయించుకుని పోయి, గంటలో తిరిగొచ్చాడు. పెద్దోడి కవర్లో చిన్నోడి ఫోటోలు, చిన్నోడి కవర్లో పెద్దోడివి పెట్టి ఇచ్చేశాను. "తీసుకునేటప్పుడు మీరైనా చూసుకోలేదా సామీ?" అన్నాను. "ఏం చూసేది నాయనా, ఇద్దరివీ గుండ్లే కదా, నాకే తెలీలా" అన్నాడు, కన్నతండ్రి.

అప్పటినుంచి నేను జుట్టు చూసి మనిషిని గుర్తుపట్టడం మానేశాను. చెవులు చూస్తాను. కొందరికి చెవి తమ్మె దవడకి అతుక్కుని ఉంటుంది, కొందరికి విడిగా వేలాడుతుంది. కనుబొమల మధ్య ఎడం, గడ్డం మీద నొక్కు, చెంప మీద పుట్టుమచ్చ. మంగలి కత్తి వీటి జోలికి పోదు.

తూనీగల గురించి రాస్తానని కూర్చుని గుండ్ల గురించి చెబుతున్నానేమిటని అనుకోకండి. ఆదివారాలు నేను షాపు మధ్యాహ్నమే తీస్తాను. పొద్దున నాలుగు గంటలు నావి. ఆరేళ్లుగా ఆ నాలుగు గంటలూ నీళ్లున్న చోటల్లా తిరుగుతూ గడుస్తున్నాయి. పేరూరు వైపు చెరువు గట్టు, కల్యాణి డ్యామ్ చుట్టుపక్కల, వానలు బాగా పడితే కపిలతీర్థం నుంచి కిందికి పారే వాగు. మొదట పిట్టల ఫోటోలు తీద్దామనుకున్నాను. పిట్టలకి కావలసిన లెన్స్ ధర విని తూనీగలకి దిగాను. ప్రేమ తర్వాత పుట్టింది, పెద్దలు కుదిర్చిన పెళ్లిలో లాగా.

మగవాటితో నాకు పేచీ లేదు. జమ్ము చివర పండుమిరపకాయలా కూర్చుంటే అది రడ్డీ మార్ష్ స్కిమ్మర్, శాస్త్రం పేరు క్రోకోథెమిస్ సర్విలియా. బీట్‌రూట్ తరిగిన చేతి రంగులో ఉంటే క్రిమ్సన్ మార్ష్ గ్లైడర్, ట్రిథెమిస్ అరోరా. మురుగు కాలవ పక్కన రెక్కలకి కూడా కాషాయం పూసుకుని తిరిగేది డిచ్ జ్యూయెల్, బ్రాకిథెమిస్ కంటామినాటా. సున్నంలో నీలిమందు కలిపి పూసినట్టుండి, మన కాళ్ల ముందే నేల మీద వాలి, నాలుగడుగులు వేస్తే లేచి మళ్లీ నాలుగడుగుల అవతల వాలేది గ్రౌండ్ స్కిమ్మర్, డిప్లాకోడెస్ ట్రివియాలిస్. ఫోటో మసగ్గా ఉన్నా, మూలకి పోయి ఉన్నా వీటి పేర్లు చెప్పేయొచ్చు.

ఇప్పుడు ఈ నాలుగింటి ఆడవాటిని పక్కపక్కన పెట్టండి. ఒకటి శనగపిండి రంగు. ఇంకొకటి కొంచెం మాడిన శనగపిండి. మూడోది ఎండుగడ్డి. నాలుగోది ఎండబోయే ముందు పచ్చగడ్డి. అన్నిటి వీపు మీదా నల్లటి గీతలో, మచ్చలో ఏవో ఉంటాయి. జుట్టంతా కల్యాణకట్టలో ఇచ్చేసి వచ్చి వరసగా నిలబడినట్టుంటాయి. మన దేశంలో సన్న తూనీగలతో (ఇంగ్లీషులో డామ్సెల్‌ఫ్లైలు) కలిపి దాదాపు 500 జాతులున్నాయి. అన్నిటికీ మనకున్న మాట ఒక్కటే, తూనీగ. మా వీధి పిలకాయలైతే హెలికాప్టర్ అంటారు. మగవాటిని ఏదో ఒక రంగు పేరుతో పిలుచుకోవచ్చు. ఆడవాటికి ఆ దారి కూడా లేదు.

నేను చెప్పదలచుకున్నది ఇదీ. ఫోటోలో ఆడ తూనీగకి రంగు చూసి పేరు పెట్టకూడదు. రంగు తప్ప మరేమీ కనిపించని ఫోటో అయితే అసలు పేరే పెట్టకూడదు. "ఆడది, ఇంతకు మించి చెప్పలేను" అని రాసి ఊరుకోవాలి. ఇది పిరికితనం అనేవాళ్లున్నారు, చాదస్తం అనేవాళ్లున్నారు. నేనూ ఒకప్పుడు అలాగే అనేవాణ్ని, నా క్యాలెండర్ సంగతి బయటపడేదాకా.

మూడేళ్ల కిందట ఒక స్కూలువాళ్లు కొత్త సంవత్సరం క్యాలెండర్ వేయమని వచ్చారు. దేవుడి బొమ్మలు కాకుండా ఏదైనా కొత్తగా కావాలన్నారు. తిరుపతిలో దేవుడి బొమ్మ లేని క్యాలెండర్ అడిగినవాళ్లను నేను చూడటం అదే మొదలు. పన్నెండు నెలలకి పన్నెండు తూనీగలు వేద్దామన్నాను, ఒప్పుకున్నారు. ఏరడం మొదలుపెడితే మంచి ఫోటోలన్నీ మగవే వచ్చాయి. ఒక్కటైనా ఆడది లేకపోతే ఏం బాగుంటుందని జూలై నెలకి ఒక పసుపు రంగుది పెట్టి, కింద "గ్రౌండ్ స్కిమ్మర్, ఆడ తూనీగ" అని వేశాను. 300 కాపీలు కొట్టించాను.

జనవరిలో ఒక జువాలజీ లెక్చరర్ మేడమ్ వీసా ఫోటో కోసం వచ్చారు. లైట్లు సర్దేలోపల గోడకున్న క్యాలెండర్ తిప్పి చూస్తూ జూలై దగ్గర ఆగారు.

"ఇది ఆడదని ఎట్లా చెప్పారు?"

"పసుపుగా ఉంది కదా మేడమ్."

"ఒరిజినల్ ఉందా? ఒకసారి పెద్దది చేయండి."

కంప్యూటర్లో తెరిచి పెద్దది చేశాను. మనం తోక అనుకునేది నిజానికి తూనీగ పొట్ట. చెరకు గడకి ఉన్నట్టు దానికి కణుపులుంటాయి, మొత్తం పది. రొమ్ముకి అతుక్కున్న వైపునుంచి రెండో కణుపు కింద చూడమన్నారు. చూశాను. చిన్న బుడిపె ఒకటి, కొక్కెంలాగా కిందికి పొడుచుకొచ్చి ఉంది. ఆ ఫోటో నేను కనీసం వందసార్లు చూసి ఉంటాను. కళ్లు చూశాను, రెక్కల మెరుపు చూశాను, వెనకాల మసకైన పచ్చదనం చూసి నన్ను నేనే మెచ్చుకున్నాను. ఆ బుడిపె మాత్రం కనిపించలేదు.

మగ తూనీగలకి వీర్యం తయారయ్యేది పొట్ట చివర, తొమ్మిదో కణుపు దగ్గర. దాన్ని ఆడదానికి అందించే అవయవం ఉండేది మాత్రం ముందు, రెండో కణుపు కింద. జత కట్టే ముందు మగది తన పొట్టని తనే వంచుకుని అక్కడినుంచి ఇక్కడికి చేరుస్తుంది. అందుకే జతకట్టిన తూనీగలు చక్రంలా మెలికపడి కనిపిస్తాయి. ఆడదానికి రెండో కణుపు కింద నున్నగా ఉంటుంది. పొట్ట చివర కూడా తేడానే. మగదానికి పైన రెండు, కింద ఒకటి, మొత్తం మూడు కొండీలు, ఆడదాన్ని మెడ దగ్గర పట్టుకోవడానికి. ఆడదానికి ఎడంగా రెండు చిన్న ముళ్లలాంటివి ఉంటాయి, అంతే. కొంచెం లోపలికి, ఎనిమిది తొమ్మిది కణుపుల దగ్గర కిందివైపు, గుడ్లు పెట్టే చోట ఒక పలచని రేకు.

"ఇది కుర్ర మగది. ఇంకా నీలం రాలేదు. కొన్నాళ్లాగి తీసుంటే మగదనే వేసుండేవాళ్లు" అన్నారు మేడమ్.

అంటే పన్నెండింటిలో ఒక్కటైనా ఆడది ఉండాలని పెట్టిన ఆ ఒక్కటీ మగదే. స్కూలుకి ఫోన్ చేసి చెప్పాను, స్టిక్కర్ వేసి పంపుతానన్నాను. "ఎవరు చూస్తారన్నా, వదిలేయండి" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు.

రంగు మీద నమ్మకం పోయింది అక్కడే అయినా, అది ఎంత పనికిరాని సాక్ష్యమో తర్వాత చదువుకుంటూ పోతే తెలిసింది. మన చెరువుల్లో తిరిగే ఆ పండుమిరప తూనీగ, క్రోకోథెమిస్ సర్విలియా, పుట్టగానే ఎర్రగా ఉండదు. రెక్కలొచ్చిన కొత్తలో మగదీ ఆడదీ రెండూ పసుపే. మగది ముదిరాక ఎర్రబడుతుంది. ఇది కొత్త రంగు పుట్టడం వల్ల అనుకుంటాం కదా. కాదట. ఒంట్లో ఉన్న అదే రంగు పదార్థం రసాయనికంగా మారి పసుపు నుంచి ఎరుపవుతుంది. జపాన్ పరిశోధకులు 2012లో ఈ సంగతి బయటపెట్టారు. వాళ్లు పరీక్షించిన మూడు జాతుల్లో క్రోకోథెమిస్ సర్విలియా ఒకటి. పసుపుగా ఉన్న తూనీగలకి ఆస్కార్బిక్ ఆమ్లం, అంటే మన నిమ్మకాయలో, ఉసిరికాయలో ఉండే విటమిన్ సి, ఎక్కిస్తే ఎర్రబడ్డాయి. ఆడవి కూడా. మగదానికీ ఆడదానికీ మధ్య మనం ఇంత పెద్దదనుకున్న తేడా ఒక సూదిమందు పాటిది.

నీలం సంగతీ అంతే. గ్రౌండ్ స్కిమ్మర్ మీద కనిపించేది ఒంటి రంగు కాదు, బూడిద గుమ్మడికాయ మీద ఉండేలాంటి మైనపు పొడి. వయసుతో పేరుకుంటుంది, రాసుకుంటే పోతుంది. కొన్ని జాతుల్లో ముసలి ఆడవాటికి కూడా అలాంటి పొడి వస్తుంది. ఇంకో తిరకాసు సన్న తూనీగల్లో ఉంది. ఇష్నూరా సెనెగాలెన్సిస్ అని చెరువుల దగ్గర కనిపించే చిన్నది ఒకటుంది. దాని ఆడవాటిలో కొన్ని అచ్చం మగదాని రంగుతోనే ఉంటాయి, కొన్ని వేరే రంగుతో. మగ రంగు చూసి మగదనేశారా, తప్పు. కింద బుడిపె ఉందా లేదా చూడాల్సిందే.

ఇక కెమెరా చేసే మాయ నాకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు? రోజూ నా కూడు అదే. సాయంత్రం ఐదున్నర ఎండలో ఏ పెళ్లికూతురైనా బంగారు బొమ్మే. అదే అమ్మాయి మధ్యాహ్నం కల్యాణ మండపం ట్యూబ్‌లైట్ల కింద వాడిపోయిన ఆకులా ఉంటుంది. వైట్ బ్యాలెన్స్ రెండు గీతలు అటు జరిపితే ఎండుగడ్డి శనగపిండి అవుతుంది. పచ్చటి జమ్ము మధ్య కూర్చున్న పసుపు తూనీగ మీద ఆకుల పచ్చదనం పడుతుంది. చొక్కా మీద లేని కోటు వేసే పని చేసేవాణ్ని, ఫోటోలో రంగును సాక్ష్యం కింద తీసుకోమంటే ఎట్లా?

మరి దేన్ని చూడాలి? చెవుల్లాంటివి తూనీగకీ ఉన్నాయి.

నన్ను ఎక్కువ తిప్పలు పెట్టిన జంట చెబుతాను. క్రోకోథెమిస్ ఆడది, ట్రిథెమిస్ అరోరా ఆడది. రెండూ పసుపూ గోధుమా కలిసిన రంగు, రెండిటి రెక్కల మొదట్లో తేనె రంగు మరక, రెండూ పుల్ల చివర కూర్చుంటాయి. కల్యాణి డ్యామ్ దగ్గర ఒకే పొద్దున తీసిన ఫోటోలు ముందేసుకుని ఒక రాత్రంతా కూర్చున్నాను. తెల్లారేసరికి తేలింది కాళ్ల దగ్గర. క్రోకోథెమిస్ ఆడదాని కాళ్లు ఒంటి రంగులోనే పసుపు గోధుమగా ఉంటాయి. అరోరా ఆడదాని కాళ్లు నల్లగా, సన్నటి పసుపు చారతో ఉంటాయి. రొమ్ము పక్కభాగం చూస్తే క్రోకోథెమిస్‌ది గీతల్లేకుండా ఉంటుంది, అరోరాది నల్లటి గీతలు కలిసీ విడిపోయీ పటంలో నదుల్లా ఉంటాయి. పొట్ట మీద క్రోకోథెమిస్‌కి నడుమ ఒక సన్నటి నల్లగీత నూలు పట్టి కొట్టినట్టు చివరిదాకా పోతుంది. అరోరాకి నడుమ గీతతో పాటు రెండు పక్కలా కూడా నల్లగుర్తులు. ఇవన్నీ నా ఫోటోల్లో ఉన్నాయి. కాకపోతే నేను కళ్ల మీద ఫోకస్ పెట్టి, కాళ్లను ఆకు వెనక వదిలేసిన ఫోటోలే ఎక్కువ. బాగున్న పది ఫోటోల్లో ఎనిమిది అందుకే పనికిరాకుండా పోయాయి.

కాళ్లతో తేలకపోతే రెక్కల ఈనెలకి పోవాలి. ఇండియన్ మెడికల్ సర్వీస్‌లో డాక్టరుగా పనిచేసిన ఎఫ్.సి. ఫ్రేజర్ ఈ దేశపు తూనీగల మీద 1933 నుంచి 1936 మధ్య మూడు సంపుటాలు రాశాడు. వాటిలో ఈనెల లెక్కల్లో మొదటిసారి "11½" లాంటి అంకెలు చూసినప్పుడు అచ్చుతప్పు అనుకున్నాను. ఈనె సగం ఎట్లా ఉంటుంది? తూనీగ రెక్క ముందు అంచు మధ్యలో ఒక నొక్కు ఉంటుంది, నోడస్ అంటారు. రెక్క మొదలు నుంచి ఆ నొక్కు దాకా, నిచ్చెన మెట్లలా అడ్డ ఈనెలుంటాయి. ఒక్కో మెట్టు రెండు అరల్ని దాటుతుంది. నొక్కుకి ఆనుకుని ఉన్న చివరి మెట్టు కొన్నిట్లో రెండు అరల్నీ దాటుతుంది, కొన్నిట్లో మొదటి అర దాటి ఆగిపోతుంది. ఆగిపోయినదాన్ని ఆయన అర అని లెక్కపెట్టాడు. ఆర్థెట్రమ్ అని ఇంకో ప్రజాతి, అంటే దగ్గరి చుట్టాలైన జాతుల గుంపు, ఉంది. దానిలో ఆ చివరి మెట్టు నిండుగా ఉంటుంది. క్రోకోథెమిస్‌లో, ట్రిథెమిస్‌లో సగంలో ఆగుతుంది. ఇంత చిన్న సంగతి ఒక గోధుమరంగు ఆడదాన్ని ఆర్థెట్రమా కాదా అని తేల్చేస్తుంది. ఈనెలకి వయసు లేదు, ఎండ లేదు, వైట్ బ్యాలెన్స్ లేదు.

కాకపోతే ఫ్రేజర్ చేతిలో తూనీగ ఉంది. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, భూతద్దం పెట్టాడు. నా చేతిలో ఉన్నది ఫోటో. ఫోటోని తిరగేస్తే వెనక తెల్లకాగితమే, పొట్ట కనిపించదు. ఈ తేడా మరిచిపోయి ఆయన రాసినంత ధీమాగా పేర్లు పెట్టడం మన ఫోటోవాళ్ల జబ్బు.

పిట్టల ఫోటోలు తీసే మిత్రుడు ఒకాయన నాతో ఎప్పుడూ వాదిస్తాడు. "ఈనెలు లెక్కపెట్టేది మ్యూజియంలో అన్నా. పదేళ్లు గట్టు మీద తిరిగితే వాలే తీరు చూసే చెప్పేయొచ్చు. మీ అన్నని నడక చూసి గుర్తుపట్టవా?" అంటాడు. ఆయన మాటలో నిజం లేకపోలేదు. వాండరింగ్ గ్లైడర్, పంటాలా ఫ్లావెసెన్స్, వాలితే కొమ్మకి నిలువుగా వేలాడుతుంది, మిగతావాటిలా అడ్డంగా కూర్చోదు. అలిపిరి దగ్గర వానకి ముందు గుంపులు గుంపులుగా తిరిగే పసుపువి చాలావరకు అవే. గ్రౌండ్ స్కిమ్మర్ నేలని వదలదు. గ్రానైట్ ఘోస్ట్ రాతి కూసానికో సిమెంటు తొట్టి గోడకో అంటుకుని కూర్చుంటే, వేలు పెట్టేదాకా అక్కడొకటి ఉందని తెలియదు. దానిలో ఆడా మగా ఒకేలా ఉంటాయి కాబట్టి రంగు గొడవే లేదు. కానీ నడక చూసి అన్నని గుర్తుపట్టాలంటే నడుస్తున్న అన్న ఉండాలి. ఫోటోలో నడక ఎక్కడిది? సెకనులో వెయ్యో వంతు చూపించే బొమ్మ ముందు కూర్చుని, వాలే తీరును బట్టి చెప్పానంటే, గట్టు మీద చూసినది చెబుతున్నావన్నమాట. అయితే ఫోటోతో పాటు ఆ మాట కూడా రాయి. ఎక్కడ వాలింది, ఎంతసేపు, నేల మీదా పుల్ల చివరా. అది రాయకుండా ఉత్త పేరు రాస్తే ఇంకొకరు సరిచూడటానికి ఏమీ మిగలదు.

ఫోటో పెడితే పేరు చెప్పే యాప్‌ల మీద నాకు కోపం లేదు. వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతాయి. కానీ అవి నేర్చుకునేది మనం పెట్టిన ఫోటోలతోనే కదా. నా క్యాలెండర్‌లో లాగే అందరి దగ్గరా పదకొండు మగవి, ఒక అనుమానపు ఆడది. ఆ అనుమానాన్ని తీసుకుపోయి యాప్‌కి పేరుగా తినిపిస్తే, అది రేపు ఇంకొకరికి అదే పేరు వడ్డిస్తుంది. వాళ్లు "యాప్ కూడా అదే చెప్పింది" అని నిశ్చింతగా ఉంటారు. ఎవరి ఎంగిలి ఎవరు తింటున్నారో తెలియదు.

"తప్పయితే ఏం కొంప మునుగుతుంది?" అని నా ఇల్లాలే అడిగింది, ఆ 300 స్టిక్కర్లు అంటిస్తూ. (అవును, అంటించాం. స్కూలువాళ్లు వద్దన్నా సరే.) అప్పటికి నా దగ్గర సరైన జవాబు లేదు. ఇప్పుడుంది.

మగ తూనీగ నీటి అంచున పుల్ల మీద కూర్చుంటే, అది కాచుకుని ఉందని మాత్రమే అర్థం. బస్టాండులో మనిషిని చూసి ఇది ఈయన ఊరే అనుకోం కదా. ఆడది నీళ్ల దగ్గరికి ఊరికే రాదు. ఎక్కువ కాలం నీటికి దూరంగా, చెరువు కింద కయ్యల్లో, చెరకు తోటల అంచున, పొదల్లో గడుపుతుంది. జత కట్టడానికీ గుడ్లు పెట్టడానికీ వస్తుంది. అది పొట్ట చివర నీళ్లకి తాటించి గుడ్లు వదులుతున్న ఫోటో ఒకటి ఉంటే, ఆ జాతి ఈ నీటిని పురిటిల్లుగా ఎంచుకుందని చెప్పొచ్చు. పిల్ల తూనీగలు రెక్కలొచ్చేదాకా నీళ్లలోనే బతకాలి, దోమల పిల్లల్ని తినేది అప్పుడే. ఏ చెరువులో ఏవి పుడుతున్నాయో తెలియాలంటే అడగాల్సింది ఆడదాన్ని. మనం దాని పేరే తప్పు రాస్తే ఇక చెరువు గురించి రాసేదేముంది? మురుగును ఓర్చుకునే డిచ్ జ్యూయెల్ ఆడదాన్ని, రెక్క మీద కాషాయం లేదు కదా అని, వేరే జాతిగా రాస్తే మురుగు చెరువుకి మంచి చెరువని సర్టిఫికెట్ ఇచ్చినట్టే.

వేటగాళ్లలా వెంటపడే మగవాటి నుంచి తప్పించుకోవడానికి ఆడవి దూరంగా ఉంటాయన్నది కూడా ఒక కారణం. స్విట్జర్లాండ్ కొండల్లో ఒక జాతి ఆడ తూనీగలు, మగది తరుముతుంటే గాల్లోంచి కిందపడి చచ్చినట్టు నటిస్తాయని 2017లో ఒక పరిశోధకుడు రాశాడు. అది చదివాక గట్టు మీద వెల్లకిలా పడి ఉన్న తూనీగ కనిపిస్తే, తొందరపడి చచ్చిందనుకోకుండా కాసేపు నిలబడి చూస్తున్నాను. ఇంతవరకు నాకు కనిపించినవన్నీ నిజంగానే చచ్చినవి.

కాబట్టి ఇప్పుడు నేను ఆడవాటికి అందమైన ఫోటో తీయను, పాస్‌పోర్ట్ ఫోటో తీస్తాను. అమెరికా వీసాకి వచ్చేవాళ్లను నేనేం చేస్తాను? నవ్వద్దంటాను, జుట్టు చెవుల వెనక్కి తోయమంటాను, 2016 నుంచి కళ్లద్దాలు కూడా తీసేయిస్తున్నాను. ఎవరూ ఆ ఫోటో గోడకి తగిలించుకోరు. కానీ ఆఫీసరు ఎవరికైనా అది చాలు. తూనీగకీ అంతే. పక్కనుంచి ఒకటి, రొమ్ము గీతలూ కాళ్లూ రెండో కణుపు కింది భాగమూ ఒకే ఫ్రేములో పడేలా. పైనుంచి ఒకటి, రెక్కలు కెమెరాకి సమాంతరంగా ఉండేలా వంగి. పొట్ట చివరది విడిగా. లెన్స్ రంధ్రాన్ని ఎఫ్8 కంటే ఎక్కువ తెరవను, తూనీగ ఒళ్లంతా స్పష్టంగా పడాలి, వెనకాల పచ్చదనం కరిగిపోకపోయినా ఫరవాలేదు. పొద్దున ఏడు లోపల చల్లగా ఉన్నప్పుడు అవి బద్ధకంగా ఉంటాయి, నాలుగు వైపులా తిరగనిస్తాయి. ఎండెక్కితే ఒక్క షాట్‌కే ఎగిరిపోతుంది, అప్పుడు పక్కనుంచి తీసిందే మేలు. రెక్క చివర ముందు అంచున ఉండే చిన్న రంగు గడి, టెరోస్టిగ్మా, అది కూడా స్పష్టంగా పడిందా అని స్క్రీన్ మీద పెద్దది చేసి అక్కడికక్కడే చూసుకుంటాను. మిత్రుడు నవ్వుతాడు, నీ ఫోటోలు పోలీస్ స్టేషన్ గోడ మీద ఉండాల్సినవి అంటాడు.

ఇంత చేసినా తేలనివి ఉన్నాయి. ఆర్థెట్రమ్ ఆడవి కొన్ని నాకు ఇప్పటికీ కొరకరాని కొయ్యలే. వాటిలో సబీనా అనే జాతి అయితే పొట్ట నడుమ సన్నబడి, పులిచారలతో, ఆడైనా మగైనా దొరికిపోతుంది. మిగతా గోధుమరంగువి, అడవి వాగుల పక్కన రాళ్ల మీద కూర్చునేవి, ఈనె లెక్కపెట్టి ఆర్థెట్రమ్ దాకా వస్తాను. అక్కడ ఆగుతాను. నా కంప్యూటర్లో వాటికి ఒక ఫోల్డర్ ఉంది, దాని పేరు "ఆర్థెట్రమ్ ఆడవి, ఇంతవరకే". 140 ఫోటోలున్నాయి. నా మిగతా ఫోల్డర్లన్నిటిలోకీ తప్పులు లేనిదని ధైర్యంగా చెప్పగలిగింది అదొక్కటే.

పోయిన నెల ఆ లెక్చరర్ మేడమ్ మళ్లీ వచ్చారు, ఈసారి వాళ్లబ్బాయి ఫోటోకి. ఫోల్డర్ చూపించాను. ఆమె కుర్చీ లాక్కుని అరగంట సేపు ఒక్కొక్కటీ తిప్పుతూ చూశారు. అబ్బాయి బయట బండి మీద కూర్చుని హారన్ కొడుతూనే ఉన్నాడు. చివరికి ఒకదాని దగ్గర ఆగి, దాన్ని 400 శాతం పెద్దది చేసి, "ఇది ఒక్కటి ఇక్కడిది కాదు" అన్నారు.

"ఆర్థెట్రమ్ కాదా మేడమ్? చివరి ఈనె నిండుగానే ఉందే."

"ఆర్థెట్రమే. కానీ ఆడది కాదు, రెండో కణుపు చూడండి."

చూశాను. ఆకు నీడలో, ఆవగింజంత బుడిపె.